శ్వాసరేటు గడిలో అందరికీ ‘20’ వేసేశాను. నేను నర్సుగా పనికిరానా?

ఈసారి ఉత్తరం నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థినిది. పేరు రాయవద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాం.

ఆమె కోరుకున్న కోర్సు ఇది కాదు. అనుకున్నచోట సీటు రాలేదు. ‘నర్సింగ్ అయితే ఉద్యోగానికి ఢోకా ఉండదు’ అని ఇంట్లో పెద్దవాళ్లు చేర్పించారు. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీల్లో మంచి మార్కులే వచ్చాయి. వార్డు పోస్టింగులు మొదలయ్యాకే కష్టాలు మొదలయ్యాయి. మెడికల్ వార్డులో ఒక సాయంత్రం డ్యూటీలో ఎనిమిది మందికి వైటల్స్ (టెంపరేచర్, పల్స్, బీపీ, రెస్పిరేషన్ అంటే శ్వాసరేటు) చూడమన్నారు. టెంపరేచర్, పల్స్, బీపీ చూసి రాస్తుంటే, అక్కడి స్టాఫ్ నర్సు ‘రెస్పిరేషన్ అందరికీ 20 వేసెయ్, అది ఎవరూ చూడరు’ అన్నారట. ఈమె వేసేశారు. ఆ ఎనిమిది మందిలో న్యుమోనియాతో ఉన్న ఒక పెద్దాయనకు ఆ రాత్రే ఆయాసం ఎక్కువై ఐసీయూకి మార్చారు. ‘నేను వేసిన 20 వల్లే ఆలస్యమైందా’ అన్న ఆలోచనతో పది రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

రెండోది కాన్యులా గొడవ, అంటే మందులు ఎక్కించడానికి సిరలో పెట్టే సన్నని ప్లాస్టిక్ ట్యూబు. ఒకే పేషెంటుకు రెండుసార్లు పొడిచినా పడలేదు, చేతులు వణికాయి. బంధువుల ముందే ట్యూటర్ ‘నీకు ఈ పని రాదు, ఇంకేదన్నా చూసుకో’ అన్నారు. అప్పటినుంచి ఏ ప్రొసీజర్ అన్నా వెనక వరుసలోకి వెళ్లిపోతున్నారు. ఇక మూడోది: మొదట్లో పేషెంట్ల పేర్లే కాదు, వాళ్ల పిల్లల పేర్లు కూడా గుర్తుండేవట. ఇప్పుడు ‘ఏడో బెడ్’ అనే నోటికొస్తోందట. ‘ఇష్టం లేకుండా వచ్చాను కాబట్టే ఇలా తయారయ్యానా? నిజం చెప్పేస్తే కాలేజీలోంచి తీసేస్తారా? మానేస్తానంటే ఇంట్లో ఏమంటారు?’ అని అడుగుతున్నారు.

సమాధానం:

చార్టులో రాసిన అబద్ధం, చేతిలో వణుకు, మనసులో విముఖత: ఈ మూడింటికీ మీరు ఒకే కారణం పట్టుకున్నారు, ఇష్టం లేకుండా చేరానని. నాకు అలా కనబడటం లేదు. ఏరికోరి చేరినవాళ్లు కూడా ఆ గడిలో 20 వేస్తారు. వాళ్ల చేతులూ మొదటి కాన్యులాకు వణుకుతాయి. కాబట్టి వీటిని విడదీసి ఒక్కొక్కటిగా చూద్దాం. అన్నిటికన్నా బరువైనది చార్టు, ముందు దాని సంగతి.

వైటల్స్‌లో మామూలుగా యంత్రం చూపించకుండా మనిషే కూర్చుని లెక్కపెట్టాల్సి వచ్చేది ఎక్కువగా శ్వాసరేటే, అందుకే అది చాలా వార్డుల్లో దొంగలెక్కకు బలవుతుంది. కానీ పేషెంటు పరిస్థితి దిగజారబోతోందని ముందుగా చెప్పే గుర్తుల్లో అదే ముఖ్యమైనది. బీపీ పడిపోయే సరికి శరీరం చాలాసేపు పోరాడి అలసిపోయి ఉంటుంది. ఊపిరి వేగం అంతకన్నా ముందే పెరుగుతుంది. బ్రిటన్‌లో 2012లో తెచ్చి, 2017లో సవరించిన ‘న్యూస్’ స్కోరు చూడండి, అది వైటల్స్ ఒక్కొక్కదానికి పాయింట్లు వేసి పేషెంటు దిగజారడాన్ని ముందే పసిగట్టే పద్ధతి. శ్వాసరేటు నిమిషానికి 12 నుంచి 20 దాకా ఉంటే సున్నా. 21 నుంచి 24 అయితే 2. 25 లేదా అంతకు మించినా, 8 లేదా అంతకు తగ్గినా 3. ఒక్క గడిలో 3 వచ్చిందంటే చాలు, మిగతావన్నీ మామూలుగా ఉన్నా డాక్టర్ల బృందానికి చెప్పాలి, కనీసం గంటకోసారి మళ్లీ చూడాలి. ఇప్పుడు 26 ఉన్న మనిషికి 20 వేశామనుకోండి, చార్టు మీద ఆ మూడు పాయింట్లూ మాయమైపోతాయి. తర్వాతి షిఫ్టు వాళ్లు ‘సాయంత్రం బాగానే ఉన్నారు కదా’ అనుకుంటారు.

ఆ పెద్దాయన విషయంలో ఇలాగే జరిగిందా? అది మీరు తేల్చలేరు, నేనూ తేల్చలేను. మీరు చూసిన సమయానికి ఆయన శ్వాస నిజంగానే 18 ఉండి ఉండవచ్చు, న్యుమోనియా గంటల్లో ముదరగలదు. 28 ఉండి ఉన్నా ఉండవచ్చు. మీరు లెక్కపెట్టలేదు కాబట్టి ఆ అంకె ఇక ఎప్పటికీ తెలియదు. ‘నీ తప్పేం లేదు’ అని ఎవరైనా ఓదార్చినా, ‘నీ వల్లే’ అని నిందించినా నమ్మకండి, రెంటికీ ఆధారం లేదు. మీది అని కచ్చితంగా చెప్పగలిగేది ఒక్కటే: చూడనిదాన్ని చూసినట్టు రాశారు. రాయమన్న స్టాఫ్ నర్సుకు అందులో మీకన్నా పెద్ద వాటా ఉంది. అయినా సంతకం మీది.

ఇప్పుడేం చేయవచ్చో చూద్దాం. ఒకటి తెలియక చేసేస్తారేమోనని ముందే చెబుతున్నాను: ఆ పాత చార్టును దిద్దే ప్రయత్నం మాత్రం చేయకండి. ఆలస్యంగా రాసే ఎంట్రీ అనేది నిజంగా చూసి రాయడం మరచిపోయినదాని కోసం ఉంది. చూడనిదానికి ఇప్పుడు ఇంకో అంకె వేస్తే అది రెండో అబద్ధం అవుతుంది. చార్టుల మీద విచారణ జరిగినప్పుడు మొదటిదానికన్నా దాన్నే తీవ్రంగా తీసుకుంటారు.

ఎవరికీ చెప్పకుండా ఇకముందు సరిగ్గా రాసుకుంటూ పోవడం ఒక దారి. చాలామంది చేసేది అదే. గొడవ ఉండదు. కానీ ఆ వార్డులో ‘20 వేసెయ్’ అనే అలవాటు వచ్చే బ్యాచ్‌కు యథాతథంగా అందుతుంది, మీ లోపలి బరువూ దిగదు. పది రోజులైనా నిద్ర పట్టలేదంటే ఈ దారి మీకు అంత తేలిగ్గా ఉండదనిపిస్తోంది.

రెండోది, కాలేజీలో మీరు నమ్మే ఒక అధ్యాపకురాలికి చెప్పడం. మిమ్మల్ని అందరి ముందు అన్న ఆ ట్యూటరే కానక్కర్లేదు, క్లాస్ కోఆర్డినేటరో, క్లినికల్ బాధ్యత చూసే ఇంకొకరో అయినా ఫరవాలేదు. వెళ్లేముందు తేదీ, షిఫ్టు, ఏం చూశారు, ఏం చూడలేదు, ఎవరేం అన్నారు అన్నది అరపేజీలో రాసుకోండి. పేషెంటు పేరు గానీ, ఆయన్ను గుర్తుపట్టే వివరాలు గానీ ఆ కాగితంలో ఉండకూడదు. మాట మొదలుపెట్టడమే కష్టం కాబట్టి ఇలా అనవచ్చు: ‘మేడమ్, ఫలానా రోజు సాయంత్రం ఎనిమిది మంది రెస్పిరేషన్ నేను లెక్కపెట్టకుండా 20 అని రాశాను. అలా రాయమని చెప్పారు, కానీ రాసింది నేనే. వాళ్లలో ఒకరిని ఆ రాత్రి ఐసీయూకి మార్చారు. మీకు చెప్పాలనిపించింది.’ ‘రాయమన్నారు’ అన్న ముక్క దాచవద్దు, దాన్నే ముందుకు తోసి దాని వెనక నిలబడవద్దు. ఏమవుతుంది? రాతపూర్వకంగా వివరణ అడగవచ్చు, ఆ పోస్టింగ్ గంటలు మళ్లీ చేయించవచ్చు, కొన్నాళ్లు మీ చార్టులు పక్కనుండి చూడవచ్చు. అంతకన్నా కఠినంగా ఉండే సంస్థలూ ఉంటాయి, ఏమీ జరగదని నేను హామీ ఇవ్వలేను. ఒకటి మాత్రం నిజం, తనంతట తాను వచ్చి చెప్పినవాళ్లకూ, ఎవరో పట్టుకుంటే ఒప్పుకున్నవాళ్లకూ జరిగే మర్యాద వేరు.

ఆసుపత్రిలో ఇన్సిడెంట్ రిపోర్టు పద్ధతి, అంటే జరిగిన పొరపాటును రాసి ఇచ్చే ఏర్పాటు, ఉంటే అది మూడో దారి. కొన్నిచోట్ల పేరు లేకుండా ఇవ్వనిస్తారు. విషయం మనిషి మీదికి పోకుండా ‘ఆ వార్డులో వైటల్స్‌కు సమయం చాలడం లేదు’ అన్న అసలు జబ్బు దగ్గరికి చేరే అవకాశం దీనిలోనే ఎక్కువ. ఇబ్బంది ఏమిటంటే, పేరు రాయకపోయినా ఆ సాయంత్రం డ్యూటీలో ఉన్నది ఎవరో వార్డులో అందరికీ తెలుసు. నన్నడిగితే రెండోదాని వైపు మొగ్గుతాను, చెప్పాక రిపోర్టు ఇవ్వాలా వద్దా అన్నది ఆ అధ్యాపకురాలితో కలిసి తేల్చుకోవచ్చు. కానీ మీ కాలేజీ వాతావరణం తెలిసింది మీకు.

రేపు డ్యూటీలో మళ్లీ ‘20 వేసెయ్’ అంటారు, అది ఖాయం. వాదన పెట్టుకోకుండా ‘సిస్టర్, ఎనిమిది మందికి ఎనిమిది నిమిషాలే కదా, చూసి రాసేస్తాను’ అనండి. నిజంగా సమయం లేకపోతే గడి ఖాళీగా వదిలి, షిఫ్టు మారేటప్పుడు చేసే హ్యాండోవర్‌లో ‘నాలుగు, ఐదు బెడ్ల రెస్పిరేషన్ చూడలేదు’ అని నోటితో చెప్పండి. ఖాళీ గడి చూస్తే తర్వాత వచ్చేవాళ్లకు ఇది చూడాలని తెలుస్తుంది, 20 చూస్తే ఎవరూ చూడరు. తిట్లు పడతాయేమో, పడనివ్వండి.

లెక్కపెట్టే పద్ధతి మీ పుస్తకంలో ఉంటుంది గానీ వార్డులో ఎక్కడ చెడుతుందో చెబుతాను. ‘ఊపిరి లెక్కపెడుతున్నాను’ అని తెలిస్తే మనిషి తెలియకుండానే ఊపిరి మార్చేస్తాడు. అందుకే పల్స్ చూడటం అయిపోయినా మణికట్టు వదలకుండా, కళ్లు ఛాతీ మీదికి మార్చండి. దుప్పటి మందంగా ఉంటే కదలిక కనబడదు, పేషెంటు చేతిని పొట్ట మీద పెట్టించి ఆ చెయ్యి పైకి లేవడం లెక్కపెట్టవచ్చు. పూర్తి 60 సెకన్లు చూడాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే ఒక్క శ్వాస పొరపాటు నాలుగవుతుంది, 20 ఉన్నది 24 అయిపోతుంది. బాత్రూమ్‌కి వెళ్లొచ్చిన మనిషిని వెంటనే చూడకండి, కాసేపు కూర్చోనివ్వండి. మధ్యలో మాట్లాడితే మళ్లీ మొదటినుంచి. అంకె ఒక్కటే రాసి వచ్చేయకండి: మెడ కండరాలు బిగుస్తున్నాయా, ఒక పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలుగుతున్నారా అన్నది కూడా చూడండి. రెండు మాటలకు ఒకసారి ఊపిరి తీసుకుంటున్న మనిషి ఉంటే గడి నింపడం తర్వాత, ముందు సిస్టర్‌ను పిలవండి.

ఇక కాన్యులా. రెండుసార్లు పడకపోవడం రెండో ఏడాదిలో వార్తే కాదు. ఒకరు రెండు ప్రయత్నాల తర్వాత ఆపి ఇంకొకరిని పిలవాలన్న నియమం చాలా ఆసుపత్రుల్లో స్టాఫ్‌కు కూడా ఉంటుంది. మీరు ఆలోచించాల్సింది ‘నాకు రాదు’ అని కాదు, ఎక్కడ తప్పింది అని. రక్తమే కనబడలేదా? అయితే సిర జారిపోయి ఉండాలి. ఎడమచేతి బొటనవేలితో పొడిచే చోటుకు కిందవైపు చర్మాన్ని గట్టిగా లాగి పట్టుకోకపోతే, ముఖ్యంగా పెద్దవాళ్లలో, సిర పక్కకు దొర్లుతుంది. రక్తం కనబడి, ట్యూబు తోయగానే వాచిందా? అది ఇంకా ఎక్కువమంది చేసే పొరపాటు. సూది మొన ప్లాస్టిక్ ట్యూబు కన్నా కొంచెం ముందుకు పొడుచుకుని ఉంటుంది. రక్తం కనబడినప్పుడు సిరలో ఉన్నది సూది మొన మాత్రమే, ట్యూబు ఇంకా గోడ బయటే ఉండవచ్చు. అందుకే రక్తం కనబడగానే సూదిని దాదాపు చర్మానికి సమాంతరంగా దించి, ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు పోనిచ్చి, అప్పుడు ట్యూబును సూది మీదినుంచి జార్చాలి. బయటికి లాగిన సూదిని మళ్లీ ట్యూబులోకి దూర్చకూడదు, ట్యూబు ముక్క తెగి లోపల ఉండిపోయే ప్రమాదం ఉంది. టర్నికెట్ (సిర ఉబ్బడానికి చేతికి బిగించే పట్టీ) విప్పాకే సూది తీయాలి, లేదంటే పక్కంతా రక్తం.

వణుకు తగ్గడానికి ధైర్యం కన్నా భంగిమ ఎక్కువ పనిచేస్తుంది. వంగి, మోచేతులు గాల్లో పెట్టి చేస్తే ఎవరి చెయ్యయినా వణుకుతుంది. మంచం ఎత్తు పెంచుకోండి, లేదా స్టూలు వేసుకుని కూర్చోండి. సూది పట్టుకున్న చేతి అంచును పేషెంటు ముంజేతి మీదో దిండు మీదో ఆనించండి. ప్లాస్టర్ ముక్కలు ముందే చించి పెట్టుకోండి, ట్రేలో వస్తువులు వాడే వరసలో ఉండాలి. సూది లోపల ఉండగా ప్లాస్టర్ కోసం వెతుక్కోవడంతోనే చాలా కాన్యులాలు ఊడిపోతాయి. స్కిల్ ల్యాబ్‌లో మొత్తం ప్రొసీజర్‌ను పదిసార్లు చేయడం కన్నా, మీకు తప్పిన ఆ ఒక్క కదలికను, అంటే కోణం దించి రెండు మిల్లీమీటర్లు పోనివ్వడాన్ని, ఇరవైసార్లు చేయండి. పేషెంటుతో ‘నేను విద్యార్థినిని, సిస్టర్ పక్కనే ఉంటారు, మీకు అభ్యంతరం లేకపోతే నేను పెడతాను’ అని చెప్పండి. వద్దనే హక్కు వాళ్లకుంది. వద్దంటే అది మీ మీద తీర్పు కాదు.

ట్యూటర్ అందరి ముందు అలా అనడం తప్పు. అది మీకు అవమానం, సూది నొప్పితో ఉన్న పేషెంటుకు ఇంకా భయం. ఆ మాటలో పనికొచ్చే సమాచారం కూడా ఏమీ లేదు: ఎక్కడ తప్పిందో చెప్పలేదు. ఆ సమాచారం మీరే అడిగి తీసుకోవచ్చు. డ్యూటీ మొదట్లోనే ‘ఈ రోజు కాన్యులా ఒకటి మీ ఎదురుగా పెట్టాలనుకుంటున్నాను మేడమ్’ అని చెప్పి, అయ్యాక ‘వచ్చేసారి మార్చుకోవాల్సింది ఒక్కటి చెప్పండి’ అని అడగండి. ఒక్కటే అడగండి, ‘ఎలా చేశాను’ అంటే ‘బాగాలేదు’ అనే వస్తుంది. కఠినంగా మాట్లాడేవాళ్లలో చాలామంది ఇలా సూటిగా అడిగితే మెత్తబడతారు. మెత్తబడనివాళ్లూ ఉంటారు. ఒకటి రెండుసార్లు అయితే ఓర్చుకోవచ్చు, అదే పనిగా సాగితే తేదీలు, అన్న మాటలు రాసిపెట్టుకుని విభాగాధిపతి దగ్గరికి వెళ్లడం ఒక మార్గం. ఎవరో ఒక సహవిద్యార్థిని తోడుంటే ఆ ఫిర్యాదుకు బలం వస్తుంది, లేకపోతే పోస్టింగ్ ముగిసేదాకా ఆ ట్యూటర్‌తో మీ రోజులు ఇంకా బిగుసుకోవచ్చు. వెనక వరుసలో నిలబడటం మాత్రం అన్నిటికన్నా ఖరీదైన దారి. లాగ్ బుక్‌లో సంతకాలు ఎలాగోలా నిండిపోతాయి, చేతికి పని రాదు, మూడో ఏడాదిలో అదే భయం రెట్టింపై ఎదురొస్తుంది.

‘ఏడో బెడ్’ సంగతికి మీరు అనుకున్నంత కంగారు అక్కర్లేదు. క్లినికల్ అనుభవం పెరిగేకొద్దీ నర్సింగ్ విద్యార్థుల్లో సానుభూతి తగ్గడాన్ని కొన్ని అధ్యయనాలు గమనించాయి. మీ ఒక్కరికే వచ్చిన జబ్బు కాదిది. పుస్తకంలో చదివిన నర్సింగ్‌కూ వార్డులో జరిగేదానికీ మధ్య ఉన్న ఈ దెబ్బకు మార్లీన్ క్రేమర్ 1974లో ‘రియాలిటీ షాక్’ అని పేరు పెట్టారు. ఆమె చెప్పింది కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సుల గురించి, విద్యార్థులకు అది పోస్టింగుల్లోనే మొదలవుతుంది. ఎప్పుడూ భయంలో ఉన్న మనసుకు ఎదుటి మనిషి కోసం చోటుండదు. మీ చెయ్యి కుదురుకుంటే చూపు మళ్లీ పేషెంటు ముఖం మీదికి వస్తుంది. ఈలోపు చేయగలిగిన చిన్న పని ఒకటుంది: గుర్తింపు కోసం ఎలాగూ పేరు అడగాలి కదా, మందు ఇచ్చే ప్రతిసారీ పేషెంటు నోటితోనే పూర్తి పేరు చెప్పించుకుని చేతి బ్యాండుతో సరిచూసుకోండి, తర్వాత ఆ పేరుతోనే పిలవండి. మందు తారుమారు కాకుండా కాపాడే పద్ధతి కూడా అదే.

ఇష్టం లేకుండా చేరినవాళ్లు మంచి నర్సులు కాలేరా? ఈ పనిలో ఇష్టం కొంతమందికి ముందు వస్తుంది, చాలామందికి పని చేతికి వచ్చాక వస్తుంది, కొందరికి ఎప్పటికీ రాదు. మీరు ఏ కోవో ఇప్పుడే చెప్పడం కష్టం. పెట్రీషియా బెనర్ 1984లో నర్సుల నైపుణ్యాన్ని కొత్తవాళ్ల నుంచి నిపుణుల దాకా ఐదు మెట్లుగా వివరించారు. మూడో మెట్టు, అంటే తన పని తాను నిబ్బరంగా చూసుకోగలగడం, ఒకే తరహా పనిలో రెండు మూడేళ్లు గడిపాక వచ్చేదని ఆమె లెక్క. మీరు పోల్చుకుంటున్న సిస్టర్లు ఆ మెట్టో, పైదో ఎక్కినవాళ్లు. పని నచ్చకపోవడం వేరు, పదిమంది ముందు రానివాళ్లలా నిలబడటం నచ్చకపోవడం వేరు. రెండోది కాలంతో పోతుంది, మొదటిది పోకపోవచ్చు. తేడా తెలుసుకోవడానికి రెండు వారాలు ప్రతి డ్యూటీ తర్వాత రెండే వాక్యాలు రాసుకోండి: ఈ రోజు ఏ గంట గడవలేదు, ఏ గంట తెలియకుండా గడిచింది. గడవని గంటలన్నీ ఎవరో చూస్తున్నప్పటివే అయితే సమస్య భయం. ఎవరూ చూడకపోయినా, పేషెంటు దగ్గర కూర్చోవడం, స్నానం చేయించడం, పుండు కడగడం ఇవే భారంగా ఉంటే అది గంభీరంగా తీసుకోవాల్సిన సంగతి.

మానేయడమంటే రెండేళ్ల చదువు పోతుంది, కొత్త కోర్సులో మళ్లీ మొదటినుంచి. కానీ ఇష్టం లేని పనిలో ముప్పై ఏళ్లతో పోలిస్తే అది చిన్న నష్టమే. ఈ ఏడాది చివరిదాకా ఆగడం ఇంకో దారి. మెడికల్ వార్డు ఒక్కటే చూసి నిర్ణయించుకుంటున్నారు, రాబోయే పోస్టింగుల్లో పిల్లల వార్డు, ప్రసూతి, మానసిక ఆరోగ్యం, ఆపరేషన్ థియేటర్, కమ్యూనిటీ ఉంటాయి. ఒకదానికీ మరొకదానికీ పని తీరులో చాలా తేడా. కోర్సు పూర్తి చేసి మంచం పక్కన పని కాకుండా ఇన్ఫెక్షన్ కంట్రోల్, బోధన, ఆసుపత్రి రికార్డుల వ్యవస్థల వైపు వెళ్లినవాళ్లూ ఉన్నారు. అయితే వాటిలో చాలావాటికి ముందు వార్డు అనుభవం అడుగుతారు, కాబట్టి అది వార్డును తప్పించుకునే అడ్డదారి అనుకోవద్దు. అవమానం పచ్చిగా ఉండగా తీసుకునే నిర్ణయం మాత్రం వద్దనే అంటాను. ఇంట్లో చెప్పాల్సి వస్తే ‘ఇష్టం లేదు’ అనే మాటతో మొదలుపెడితే అది చేరిన రోజు గొడవలోకి తిరిగి వెళ్తుంది. మీ రెండు వారాల కాగితాలు, ఎదుట ఉన్న వేరే కోర్సు వివరాలు, ఖర్చు, కాలం ముందు పెట్టుకుని మాట్లాడండి.

నిద్రలేమి ఇంకో వారం సాగినా, తిండి మానేసినా, ఉండకూడదనిపించే ఆలోచనలు వచ్చినా పైవన్నీ పక్కనపెట్టి కాలేజీ కౌన్సెలర్‌నో డాక్టర్‌నో కలవండి. ఆ ఆలోచనలు వస్తుంటే అదే రోజు. పొడవబోయిన సూది మీ వేలికే గుచ్చుకున్న సందర్భం ఉండి, తిడతారని దాచి ఉంటే అది కూడా చెప్పండి. భయపడే విద్యార్థులు దాచేవాటిలో అది ఒకటి. గాయాన్ని సబ్బు, నీళ్లతో కడగాలి, పిండకూడదు, వెంటనే రిపోర్టు చేయాలి. హెచ్‌ఐవీ నివారణ మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాల్సి ఉంటుంది, ఎంత ముందైతే అంత మేలు. ఆ గడువు దాటిపోయినా చెప్పండి. పరీక్షలు, హెపటైటిస్ బి టీకా సంగతి అప్పుడైనా చూస్తారు.